మోచేతి కింద చేయి

రఘువీర్ కుడిచేయి పైకి లేవడం లేదన్న సంగతి కెప్టెన్ శేషగిరి కంటపడేసరికి బేస్‌బాల్ ఫైనల్లో ఒక్క ఇన్నింగ్స్ మిగిలి ఉంది, బయట వాన దంచికొడుతోంది, ఆ చేయి తప్ప అతని జట్టులో బంతి విసరడానికి వేరే చేయి లేదు. డ్రెస్సింగ్ రూమ్ తలుపు ఓరగా ఉంది. నీళ్ల బాటిల్ కోసం వెళ్లినవాడు తలుపు తొయ్యబోయి ఆగిపోయాడు. లోపల రఘువీర్ ఒక్కడే, గోడవైపు తిరిగి తడిసిన జెర్సీ మార్చుకుంటున్నాడు. మార్చుకోవడమా అది? ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అది ఎవరిదో చేయి అయినట్టు, తడిసి బరువెక్కిన సంచీ అయినట్టు, పైకెత్తి జెర్సీలోకి దూర్చబోతున్నాడు. ఆ చేయి ఛాతీ దాకా వచ్చి ఆగింది. ఇంకోసారి ఎత్తాడు. మళ్లీ అక్కడే. అరుపు బయటికి రాకుండా కాలరు పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు. శేషగిరి దగ్గలేదు, పిలవలేదు. అడుగు వెనక్కి వేసి, వచ్చిన దారినే వరండాలోకి వచ్చి, చివరి బెంచీ మీద కూలబడ్డాడు. పిచర్ భుజం పోయింది. ఇవాళ పోయింది కాదు. ఇవాళ పోయిన చేతిని మనిషి అంత అలవాటుగా ఎత్తుకోడు.

వాన ఆగకూడదు. మొదట తోచిన మాట అదే, తోచినందుకు తనమీద తనకే ఏవగింపు కలిగింది, అయినా మళ్లీ అదే తోచింది, ఆగకూడదు, ఇలాగే పడాలి, ఈ వెంబ్లీ పార్కు మొత్తం చెరువైపోవాలి. ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది తన జట్టు స్టీవెనేజ్. చివరి ఇన్నింగ్స్‌కి ఇల్ఫర్డ్ వాళ్లు బ్యాటింగ్‌కి రావాలి, ముగ్గుర్ని అవుట్ చేస్తే షీల్డు స్టీవెనేజ్‌ది. గంట చూస్తానన్నాడు అంపైర్, ఆ పొడుగాటి ముసలి ఇంగ్లిష్ ఆయన, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ, ఎవరి పెళ్లికో వచ్చినంత తీరిగ్గా. గంటలో తగ్గకపోతే ఆట అయిపోయినట్టే, ఆధిక్యంలో ఉన్నవాళ్లదే గెలుపు. అంటే ఆకాశం ఈ ఒక్క సాయం చేస్తే చాలు, రఘువీర్ భుజం గురించి ఎవరికీ తెలియక్కర్లేదు, ఫొటోలో నవ్వుతూ నిలబడొచ్చు, షీల్డు కారులో పక్క సీట్లో పెట్టుకుని స్టీవెనేజ్ వెళ్లిపోవచ్చు. పక్క సీట్లో. ఆ సీట్లో ఏడు వారాలుగా ఎవరూ కూర్చోవడం లేదు, రఘువీర్ ఎప్పుడూ వెనకే కూర్చుంటాడు, ముందుకు రమ్మంటే పర్లేదన్నా అంటాడు, ఇప్పుడు అర్థమవుతోంది, వెనక ఎడమచేతి పక్క కిటికీ మీద ఆ భుజాన్ని ఎవరికీ తగలకుండా దాచుకోవచ్చు. కాదు, ఎడమపక్క కూర్చుంటే కుడిభుజం లోపలివైపు ఉంటుంది కదా, కుడిపక్కే కూర్చునేవాడు, అవును, తన సీటు వెనకే, డోరుకి ఆనించుకుని. ఏం ఆలోచిస్తున్నాను నేను, అనుకున్నాడు శేషగిరి, మనిషి దగా చేస్తే ఏ పక్క కూర్చున్నాడని లెక్కలు వేస్తున్నానా?

దగా. ఎవరు చేశారు? ఆ ప్రశ్న దగ్గర మనసు కాస్త కుదుటపడింది, ఎందుకంటే దానికి జవాబు ఉంటుంది, జవాబు ఉన్న ప్రశ్నలంటే అతనికి మొదట్నుంచీ ఇష్టం. ఆఫీసులోనూ అంతే, అంతరిక్షంలోకి వెళ్లాల్సిన యంత్రాన్ని ఆకాశానికి పంపకముందే గదిలో పెట్టి వేడి చేసి, చల్లార్చి, గజగజ ఊపి, ఎక్కడ విరుగుతుందో ముందే కనిపెట్టడం అతని ఉద్యోగం. ఇరవయ్యేళ్లుగా అదే పని. అలాంటివాడు ఒక మనిషి భుజాన్ని ఊపి చూడకుండా తెచ్చుకున్నాడు. సదాశివం ఇచ్చాడు కాబట్టి తెచ్చుకున్నాడు. సదాశివం, ఇల్ఫర్డ్ కెప్టెన్, ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకే గదిలో ఒకే రజాయి కప్పుకున్నవాడు, ఇప్పుడు మైదానానికి అవతలి పక్క ఆ నీలం టార్పాలిన్ కింద తన జట్టుతో నిలబడి చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వేవాళ్లలో ఒక పోనీటెయిల్ ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూశాడు. నవ్వడం లేదు ఆమె. బ్యాటు మొన షూ మీద ఆనించి వానలోకి చూస్తోంది. ఇల్ఫర్డ్ వాళ్ల ఆకుపచ్చ జెర్సీ, వెనక తెల్లటి అక్షరాల్లో నిఖిత అని, తన కూతురి పేరు, ఇంకొకరి రంగు మీద.

లండన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు బేస్‌బాల్ ఆడతారంటే ఊళ్లో ఎవరూ నమ్మరు, మీకేం పనిలేదా క్రికెట్ ఉండగా అంటారు. క్రికెట్ ఉంది, గ్రౌండే లేదు. స్టీవెనేజ్‌లో ఉన్న క్రికెట్ మైదానాలన్నీ తాతల నాటి క్లబ్బులవి, కౌన్సిల్ వాళ్లని అడిగితే ఒక మూల ఒరిగిపోయిన గడ్డిమడి ఇచ్చారు, దానిమీద వికెట్లు పాతితే బంతి అటునుంచి ఇటే దొర్లుతుంది. అప్పుడు శేషగిరి ఆఫీసులో ఉన్న అమెరికావాడు గ్లవ్‌లు తెచ్చాడు. బ్యాటూ బంతే కదా, తేడా ఏముందిలే అనుకున్నారు. మొదటి ఏడాదంతా ఒక్కటే తేడా, కొట్టినవాడు కొట్టినట్టు బ్యాటు పట్టుకుని పరిగెత్తేవాడు. క్రికెట్ కాళ్లు మరి, చేతిలో బ్యాటు లేకపోతే పరుగు పరుగులా ఉండదు వాళ్లకి. అమెరికావాడు తల పట్టుకుని డ్రాప్ ఇట్, డ్రాప్ ఇట్ అని అరిచేవాడు. గట్టు మీద పల్లీలు తింటూ కూర్చున్న చిన్న నిఖితకి అది నచ్చింది. ప్రతివాడు కొట్టగానే లేచి నిలబడి డ్రాప్ ఇట్ అని అచ్చం అలాగే అరిచేది. ఇంట్లో కూడా. వాళ్లమ్మ కూరలసంచీ మోసుకొస్తుంటే డ్రాప్ ఇట్. సులోచన నవ్వేది. అప్పుడు నవ్వేది. ఆడపిల్లలు కూడా కలిసి ఆడొచ్చని లీగ్‌లో అనుకున్నాక నిఖిత గ్లవ్ తగిలించుకుంది, అంతే, బంతి ఆమె చేతిలోంచి వస్తుంటే పెద్దవాళ్లు వెనక్కి అడుగేసేవాళ్లు.

సులోచనా తనూ విడిపోయినప్పుడు పెద్ద రభసేం జరగలేదు. అరుపులు ఆగిపోయిన ఇల్లు అది, అరుపులు ఆగాక ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఇల్ఫర్డ్‌లో ఫ్లాట్ తీసుకుంది, హాస్పిటల్ డ్యూటీల రోటా ప్రకారం రాత్రీ పగలూ పనిచేస్తుంది, కూతురు ఆమె దగ్గరే చదువుకుంటుంది, ఆదివారం నాన్నది. కాగితం మీద కాదు, వంటింట్లో నిలబడి అనుకున్న మాట. ఆదివారం నాన్నది. ఆ మాట సులోచనే అంది, అని సింకులో గిన్నె పెట్టి పంపు తిప్పింది. అప్పట్నుంచీ ఆదివారం పొద్దున్నే పులిహోర కలిపి స్టేషన్ బయట కారు ఆపుకుని కూర్చోవడం. రైలు దిగి హుడీలో చేతులు దూర్చుకుని వచ్చేది, పక్క సీట్లో పడేది, హాయ్ డాడ్, డబ్బా మూత తీసేది, పల్లీలన్నీ ఏరుకుని తిని అన్నం వదిలేసేది. అన్నం తినవే అంటే ఐయామ్ ఫుల్ అనేది. పల్లీల్లేని పులిహోర శేషగిరి తినేవాడు. తర్వాత మైదానం, ఇంకెవరూ రాకముందే వచ్చి, అతను బంతులు విసరడం, ఆమె కొట్టడం. ఎక్కడ విసిరితే ఆమెకి కొట్టడం తేలికో అక్కడే విసిరేవాడు. ఆమెకి తెలుసు. స్టాప్ బీయింగ్ నైస్, డాడ్ అని అరిచేది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం అటునుంచి ఇంగ్లిష్‌లోనే వస్తుంది, ఆ యాసలో డాడ్ అన్నమాట కొసకి వచ్చేసరికి కాస్త పైకి లేస్తుంది, ఎక్కడికో ఎగరబోయినట్టు. ఏడు వారాలుగా ఆ మాట వినలేదు. ఫోన్లో మెసేజ్ వస్తుంది, ఓకే అని, ఫైన్ అని. ఓకేలో యాస ఉండదు.

గొడుగు ఒకటి మైదానం అడ్డంగా కోసుకుంటూ వస్తోంది. సదాశివం. చేతిలో స్టీల్ ఫ్లాస్కు, మోకాళ్ల దాకా బురద. రానీ, అనుకున్నాడు శేషగిరి, నాలుక మీద మాట పదును పెట్టుకుంటూ, రానీ, దొంగ వెధవని మొహం మీదే అడిగేస్తాను.

“ఏరా శేషూ, వరుణయాగం చేయిస్తున్నావా? గెలుపు ఆకాశంలోంచి రాలిపడుతుందని చూస్తున్నావు గదా!” ఒంగోలు నుంచి వచ్చి పాతికేళ్లయినా సదాశివం గొంతు మైకు అడగదు. “తీసుకో, అల్లం టీ. విషం కలపలేదులే.”

“రఘువీర్ చేయి మీ దగ్గర ఉన్నప్పుడు ఎలా ఉండేదిరా?”

“బంగారం. ఏం?”

“ఊరికే.”

“ఊరికే అడగవు నువ్వు. వాణ్ణిచ్చి నేను తప్పు చేశానని మావాళ్లు ఇప్పటికీ నన్ను తింటన్నారు. వాడు పక్కనుంచి విసిరే ఆ కొడవలి బంతి ఏందిరా బాబూ, ఎప్పుడు నేర్పావు? మా దగ్గర నిటారుగా వేసేవాడు.” కప్పులో టీ ఊదుకున్నాడు. “అయినా నాకేం నష్టంలే. వాడికి బదులు నువ్విచ్చిన మస్తాన్ పిడుగు. ఇక నీ కూతురు, ఒక్క మాట మాట్లాడదురా, వస్తది, డబ్బా తెచ్చుకుంటది, ఒక మూల కూచుని తింటది, బ్యాటు పట్టుకుందంటే మాత్రం బంతి ఏడుస్తది. మొదటి బ్యాటింగ్ నీ కూతురిదే, గుర్తుంచుకో.”

శేషగిరి అతని మొహంలోకి చూశాడు. యంత్రాన్ని చూసినట్టు, పగులు కోసం వెతుకుతూ చూశాడు. ఆ మొహంలో బురదా, టీ ఆవిరీ, గెలవాలన్న ఆత్రం తప్ప ఏమీ లేదు. ఇతనికి తెలియదు. ఒకే రజాయి కప్పుకున్నవాడి అబద్ధం శేషగిరికి తెలియకుండా ఉండదు, అద్దె విషయంలో అబద్ధమాడేటప్పుడు ఎడమ చెవి రుద్దుకునేవాడు వీడు. చెవి కదల్లేదు. గొడుగు మళ్లీ వానలోకి వెళ్లిపోయింది. టీ చేతిలో మిగిలింది, వేడిగా, పనికిరాకుండా.

అయితే మరెవరు? షేక్‌హ్యాండ్ భోజనం గుర్తొచ్చింది. ఈ లీగ్‌లో అదొక ఆచారం. ఉద్యోగాలు మారి మనుషులు ఊళ్లు మారుతుంటారు కాబట్టి జులై చివర కెప్టెన్లంతా వెంబ్లీలో ఒక హోటల్లో కూర్చుని బిర్యానీ తింటూ ఆటగాళ్లని మార్చుకోవచ్చు, ఇద్దరు కెప్టెన్లు చేయి కలిపితే చాలు, ఆటగాళ్లకి తర్వాత చెబుతారు. మొదట్లో సదుపాయం కోసం పెట్టుకున్నది, పోనుపోను సంతలా తయారైంది, పిల్లల్ని ఇచ్చి పెద్దచేతుల్ని తెచ్చుకోవడం, ఈ ఏడాది గెలిస్తే చాలు వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది. శేషగిరి అంతకుముందెప్పుడూ ఎవర్నీ ఇవ్వలేదు, ఎవర్నీ తీసుకోలేదు. మూడుసార్లు ఫైనల్లో ఓడిపోయాడు. నాలుగోసారి ఓడిపోవడానికి ఒంట్లో ఓపిక లేదు. అలాంటప్పుడు జట్టు గ్రూపులో పాండురంగం, తన జట్టులో బంతి పట్టే క్యాచరే, తన పులిహోర తినేవాడే, ఒక మెసేజ్ పెట్టాడు, “కోచ్‌గారు సొంతమ్మాయికి కోచింగ్ సెంటర్ నడుపుతున్నారు, మనం ఫీజు కట్టని స్టూడెంట్లం” అని, కింద నవ్వే బొమ్మలు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. తనూ పెట్టాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

భోజనం రోజు సదాశివం ప్లేటులో ఉల్లిపాయ చక్రాన్ని వేలితో తిప్పుతూ, రఘువీర్ని ఇస్తా, ఊరికే ఇస్తానా అన్నాడు. ఎవరు కావాలి అంటే మస్తాన్ అన్నాడు. మస్తాన్ నెల్లూరు కుర్రాడు, మాస్టర్స్ చేస్తూ శనివారాలు టేక్‌అవేలో పనిచేసి వాసనతోనే ఆదివారం మైదానానికి వచ్చేవాడు, రెండేళ్లలో లీగ్ మొత్తంలో అంత వేగం ఇంకెవరికీ ఉండదని శేషగిరికి తెలుసు. రెండేళ్లు ఎవరు ఆగుతారు? తీసుకో అన్నాడు. ఇంకొకరు కూడా అన్నాడు సదాశివం. ఎవరు? ఉల్లిపాయ ఆగింది. “నీ కూతురు. ఉండేది ఇల్ఫర్డ్‌లోనే గదరా, ఆ రైళ్లు పట్టుకుని అంత దూరం తిరిగే పనుండదు. సులోచనగారికి కూడా తేలిక.” పెరుగుపచ్చడి ఇంకా టేబుల్ మీదికి రాలేదు. రాకముందే చేయి కలిపాడు శేషగిరి. సొంత కూతుర్ని కూడా ఇచ్చాడు చూడండి, జట్టు కోసం ఇచ్చాడు అని ఎవరో భుజం తట్టారు. ఆ తట్టడం బాగుంది. నిజంగా బాగుంది, ఆ క్షణాన. ఆమెకి స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద చెప్పాడు, రైలు వచ్చే ముందు, నీకు దగ్గరవుతుందమ్మా, చదువుకోవడానికి టైమ్ ఉంటుందమ్మా, అంటూ. సో యు వోంట్ హ్యావ్ టు పిక్ మీ అప్, అంది. అతను నవ్వాడు, ఆమె జోక్ చేసిందనుకుని. రైలు తలుపులు మూసుకున్నాక కూడా నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తుడుచుకోవడం మర్చిపోయినట్టు. తర్వాతి ఆదివారం పొద్దున్న పులిహోర కలిపి, కారు తాళాలు తీసి, స్టేషన్ వైపు తిప్పాక గుర్తొచ్చింది ఎవరూ దిగరని.

వాన చినుకు సన్నబడుతోందా? లేదు, గాలి మారింది, అంతే. దూరంగా వెంబ్లీ స్టేడియం మీది ఆర్చ్ సగం మబ్బులో ఉంది, ఇంకా సగం కనిపించడం లేదు, పర్లేదు.

అయితే రఘువీరే. అతనే దాచాడు. దాచాడంటే బయటపడకుండా ఉంటుందా, ఏడు ఆదివారాలు! వరసపెట్టి కళ్లముందు తిరిగాయి. పులిహోర ఎడమచేత్తో స్పూనుతో తినేవాడు, ఏమయ్యా దొరవైపోయావా అని పాండురంగం ఎగతాళి చేస్తే బంతి పట్టుకున్న చేయి కడుక్కోలేదన్నా అన్నాడు. కారు డిక్కీ మూత ఎప్పుడూ శేషగిరే వేశాడు. మొదటి మ్యాచ్‌లో బంతి పైనుంచి విసరకుండా నడుం ఎత్తులో పక్కనుంచి కోసినట్టు విసిరితే బ్యాటర్లు తెల్లబోయారు, అందరూ కొడవలి కొడవలి అని కేకలేశారు, తనే అన్నాడు, ఏం ఆలోచించి పట్టావయ్యా ఈ స్టైలు అని. అతను తలవంచుకున్నాడు. వినయం అనుకున్నారు. వినయం. ఆ మాట దగ్గర ఏదో తగిలింది, చీకట్లో కాలికి బల్ల తగిలినట్టు. వినయం అని అంతకుముందు కూడా అనుకున్నాడు. ఎక్కడ? ఎవరితోనో అన్నాడు కూడా. మనసు అటు వెళ్లనని మొరాయించింది, సదాశివం వైపు, పాండురంగం వైపు, ఆకాశం వైపు పారిపోయింది, తిరిగి అక్కడికే వచ్చి నిలబడింది.

జెర్సీలు మార్చుకున్న రోజు. మారిన ఆటగాళ్లు పాత జెర్సీ పాత కెప్టెన్ చేతికిచ్చి కొత్త కెప్టెన్‌కి తమ క్యాప్ అందించాలి, అదీ ఒక ముచ్చట. రఘువీర్ వచ్చాడు, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, అనంతపురం వైపువాడు, ఎండకి కళ్లు చికిలించుకుని. క్యాప్ కుడిచేత్తో అందించాడు. అందించేటప్పుడు ఎడమచేయి కుడి మోచేతి కింద ఆనించాడు. శేషగిరికి మేనత్త గుర్తొచ్చింది. పెద్దవాళ్లకి ఏదైనా ఇచ్చేటప్పుడు అలా ఇవ్వాలని తెనాల్లో మేనత్త మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి మరీ నేర్పింది, ఒంటిచేత్తో ఇస్తే మొట్టికాయ. ఎన్నేళ్లయింది అలా ఇచ్చిన చేయి చూసి! ఈ దేశంలో కప్పు టేబుల్ మీద జరుపుతారు, అంతే. చూశారా మర్యాదంటే అదీ, అని అందరికీ వినపడేలా అన్నాడు. రఘువీర్ మొహం ఎర్రబడింది. పక్కన నిఖిత నిలబడి ఉంది, ఆకుపచ్చ జెర్సీ అప్పటికింకా వేసుకోలేదు, చేతిమీద వేలాడుతోంది. ఆమె ఆ చేతినే చూస్తోంది. తర్వాత మెల్లిగా, అతనొక్కడికే వినపడేలా అంది.

“డాడ్, హి కాంట్ లిఫ్ట్ హిజ్ ఆర్మ్.”

“అది గౌరవమమ్మా. మన దగ్గర అలాగే ఇస్తారు. నీకు తెలీదులే.”

“హి వాజ్ హోల్డింగ్ ఇట్ అప్.”

“నీకు తెలీదులే అన్నానుగా.”

ఓకే, అంది. జెర్సీ తల మీంచి వేసుకుంది. మొహం బయటికొచ్చేసరికి అందులో ఏమీ లేదు. ఆ ఓకే దగ్గర్నుంచే మొదలైంది, తర్వాతి ఓకేలన్నీ దాని పిల్లలే. మర్యాద గురించి ఏమీ తెలియని పిల్ల కాబట్టి చేతిని చేతిగా చూసింది. అంతా తెలిసిన తను మేనత్తని చూశాడు. ఇరవయ్యేళ్లుగా పగుళ్లు వెతికే ఉద్యోగం చేస్తున్నవాడికి కూతురు వేలు పెట్టి చూపిస్తే నీకు తెలీదులే అన్నాడు. ఎవరు దాచారని గంటసేపు వెతికాడు, దాచిందేదీ లేదు, నడి మైదానంలో పట్టపగలు చూపించారు, అతను దానికి దణ్ణం పెట్టాడు.

ఆర్చ్ మొత్తం కనిపిస్తోంది. ఎప్పుడు తేటపడిందో తెలియదు. వరండా చూరు నుంచి మాత్రమే నీళ్లు కారుతున్నాయి. అంపైర్ గడ్డిలోకి నడిచి, అరచేయి చాపి చూసి, బొటనవేలు పైకెత్తాడు. టార్పాలిన్ కింద కేకలు. పాండురంగం క్యాచర్ తొడుగులు కట్టుకుంటూ వచ్చాడు. “అన్నా, మూడు వికెట్లు, సారీ, మూడు అవుట్లు! మన కొడవలి ఎక్కడ?” ఏమీ చెప్పకుండా పంపేయొచ్చు. ఇంకా పంపేయొచ్చు. ఇల్ఫర్డ్‌కి తెలియదు, తన జట్టుకీ తెలియదు, చలికి బిగుసుకుపోయిన ఆ భుజం ఇంకో పదో పదిహేనో బంతులు ఏడుస్తూ విసరొచ్చు, ఆ తర్వాత ఎప్పటికీ గ్లాసు కూడా ఎత్తకపోవచ్చు, షీల్డు మాత్రం వస్తుంది. ఆ ఆలోచనని శేషగిరి అటూఇటూ తిప్పి చూశాడు. అలాంటి బేరానికి ఒకసారి చేయి కలిపాడు. బెంచీ మీద ఉన్న తన పాత గ్లవ్ తీసుకున్నాడు, ఆదివారాలు పొద్దున్నే ఎవరూ రాకముందు వాడేది. “నేను విసురుతా” అన్నాడు.

పాండురంగం నోరు తెరిచాడు. “నువ్వా? అన్నా, అక్కడ మొదట నిల్చునేది మీ అమ్మాయి!”

“తెలుసు. తనకి నేను విసిరినన్ని బంతులు ఎవరూ విసర్లేదు.” నైస్‌గా విసరకూడదు. ఈసారి విసరకూడదు, ఆమె అదే అడిగేది.

రఘువీర్ అప్పటికే గీత దగ్గర నిలబడి ఉన్నాడు, జెర్సీ ఎలాగో ఎక్కించుకుని, కుడిచేతిలో బంతితో. ఆ చేయి పక్కన వేలాడుతోంది. అవతల నిఖిత బ్యాటు తీసుకుని నడిచి వస్తోంది, ఇద్దరి వైపూ చూస్తూ. శేషగిరి దగ్గరకెళ్లి అరచేయి చాపాడు. బంతి ఇవ్వమని అడగలేదు. రఘువీర్ అర్థం చేసుకున్నాడు. చేయి ఎత్తబోయాడు, సగంలో ఆగింది, ఎడమచేయి అలవాటుగా మోచేతి కిందికి వచ్చింది. ఈసారి శేషగిరి తన చేయి ముందుకు పోనిచ్చి ఆ మోచేతిని తనే కింద నుంచి పట్టుకున్నాడు. బంతి ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి జారింది. తడిగా ఉంది, వెచ్చగా ఉంది.

“ఎన్నాళ్లయింది రఘూ?”

రఘువీర్ నేల చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆగకుండా, ఎన్నో ఆదివారాలు లోపల చెప్పుకున్న మాటల్లా చెప్పాడు.

“పోయినేడు చలికాలంలోనే పోయిందన్నా. ఇంటిముందర మంచులో జారి పడితి. జీపీ డాక్టరు స్కాన్ తీపిచ్చి, ఇంగ బంతి మాట మర్చిపో అనె. జులై దాకా మాత్రలు మింగి ఎట్లో పైనుంచే విసిరితి, ఆనక చేయి లేవలా. సదాశివమన్నకు చెప్పలా. నీకూ చెప్పలా. ఎట్ల చెప్పేది? చెప్తే రావద్దంటారు. వారమంతా ఆ ఒక్క రూములో ల్యాప్‌టాప్ ముందర కూచోనుంటా, మ్యూట్ తీసి రెండు ముక్కలు మాట్లాడి మళ్లా మ్యూట్ పెట్టుకుంటా, తెలుగులో నన్ను పేరుపెట్టి పిలిచేది ఆదివారమొకటే. ఆ పొద్దు క్యాప్ ఇచ్చేటప్పుడు చేయి నిలవక ఎడమచేయి ఆనిస్తి. నువ్వేమో అందరి ముందర మర్యాదంటివి. నాకు సిగ్గుతో ప్రాణం పోయె. అయినా నోరు రాలా. నీ పాప ఒక్కతే కనిపెట్టింది. కారు పార్కు కాడ నిలబెట్టి, అంకుల్, డజ్ ఇట్ హర్ట్ అని అడిగె. మీ నాయనకు చెప్పొద్దు తల్లీ అంటి. ఐ ఆల్రెడీ టోల్డ్ హిమ్ అనె. అట్లయితే నీకు తెలిసే పెట్టుకున్నావేమో అని కొన్నాళ్లు అనుకుంటి, నీ మొహం చూసినాక తెలిసె, నీకు తెలీదని. ఆ బిడ్డ ఇంగొక మాట చెప్పి పోయిందన్నా. డాడ్ ఆదివారం ఒక్కడే తింటాడు, మీరు పక్కన కూచోని తినండి, పల్లీలు మాత్రం ఆయనకు మిగల్చండి అని. అందుకే ఏరకుండా తిన్యా. నేను బంతి విసరడానికి రాలేదన్నా. ఆ డబ్బా ముందర కూచోడానికి వచ్చినా. ఆ చోటు నీ బిడ్డదని తెలిసే కూచుంటి.”